బాగుంటే అదే ఆడుతుందట!

ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. పైన 'ఒక నిజమైన సినిమా అభిమాని ఆవేదన' అని శీర్షిక, కింద ఏడు పాయింట్లు, చివర వరసగా దండం పెట్టే బొమ్మలు. రాసినవాడి పేరు మాత్రం ఉండదు. షార్ట్ ఫిల్ములు, పెద్ద సంస్థల అండ లేకుండా తీసే ఇండిపెండెంట్ సినిమాలు తెలుగు సినిమాకు పట్టిన చీడ అని దాని సారాంశం. కాలేజీ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, ఆఖరికి మా బావ కూడా 'ఇదిగో బామ్మర్దీ, మీ బ్యాచ్ గురించే' అని ముద్దుగా పంపాడు. పంపినవాళ్లలో ఒక్కరైనా ఏడు పాయింట్లూ చదివి ఉంటారని నేననుకోను. నేను చదివాను. చదివిన పాపానికి రాస్తున్నాను.

మొదటి పాయింటు: 'షార్ట్ ఫిల్మ్ అంటే సినిమా కాదు, నిర్మాతల ఆఫీసుల్లో చూపించుకునే విజిటింగ్ కార్డు.'

సగం నిజమే. సుజీత్ షార్ట్ ఫిల్ములు తీసే 'రన్ రాజా రన్' దాకా వచ్చాడు. మేర్లపాక గాంధీ 'వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్'కి వచ్చిన దారీ అదే. తరుణ్ భాస్కర్ 'పెళ్లి చూపులు'కు ముందు 'అనుకోకుండా', 'సైన్మా' తీశాడు. కార్డు పనిచేసింది, సంతోషం. అంతమాత్రాన అది సినిమా కాకుండా పోయిందా? చాసో కథలు నవలకు పెట్టుకున్న దరఖాస్తులని ఎవరైనా అంటే ఊరుకుంటామా? కథ కథే అని నమ్మబట్టే కదా కథకుడు కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథల కోసమే కథానిలయం అనే లైబ్రరీ పెట్టారు. షార్ట్ ఫిల్ములకు అలాంటి గూడు ఒక్కటీ లేదు. పైగా దర్శకుడికి పెద్ద సినిమా ఓకే కాగానే పాత షార్ట్ ఫిల్మ్ లింకు మాయమైపోతుంది. ఏళ్ల క్రితం మెచ్చుకున్నదాన్ని మళ్లీ చూద్దామని వెతికితే 'ఈ వీడియో ప్రైవేట్' అని వస్తుంది. అంటే ఈ చులకన తీసినవాళ్లకే అంటుకుంది. నాకు ఈ మెసేజ్ రాసినవాడి మీద కన్నా వాళ్ల మీదే ఎక్కువ కోపం.

ఇంకో మాట. 2023లో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన రాత్రే 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'కీ వచ్చింది. 40 నిమిషాలు దాటని డాక్యుమెంటరీ అది. ఆ రోజు 'భారతీయ సినిమాకు రెండు ఆస్కార్లు' అని గ్రూపుల్లో పూనకాలు తెచ్చుకున్నవాళ్లు, అందులో ఒకటి విజిటింగ్ కార్డుకు వచ్చిందని అప్పుడెందుకు సణగలేదో.

రెండోది: 'ఫోన్ ఉంటే ఎవడైనా తీస్తాడు, ఇందులో కష్టమేముంది?' తియ్యండి మరి. బొమ్మ ఫోన్లో వస్తుంది, నేనూ ఒప్పుకుంటాను. సౌండ్ ఎక్కడినుంచి వస్తుంది? హాల్లో ఫ్యాను, పక్కింటి కుక్కరు, వీధిలో పాత ఇనుప సామాన్ల బండి మైకు, వీటన్నిటి మధ్య హీరోయిన్ చిన్నగా ఏడవాలి. మనం సగం షార్ట్ ఫిల్ముల్ని రెండో నిమిషంలో ఆపేసేది కథ బాగోలేక కాదు, మాట వినపడక. అది రాసినవాడికి తట్టలేదు. తర్వాతి దానికి పోదాం.

మూడోది: 'ఇవన్నీ నత్తనడక, చీకటి, ఏడుపు.' 'పెళ్లి చూపులు' ఏడుపా? ఆటోడ్రైవరుకు కెమెరా దొరికి ఊరంతా సినిమా తీసే 'సినిమా బండి' ఏడుపా? ఈ పాయింటుకు ఇంతకన్నా ఖర్చు పెట్టను.

నాలుగోది కొంచెం నొప్పించింది. 'మలయాళీలకు ఇవి ఎక్కుతాయి, మన తెలుగోడికి ఎక్కవు. మన రక్తంలో లేదు.'

రక్తం దాకా పోయాడు మహానుభావుడు! 1980లో వచ్చిన 'మా భూమి' హైదరాబాద్‌లో మార్నింగ్ షోలుగా నెలల తరబడి ఆడింది. బి.నర్సింగరావు నిర్మాత, గౌతమ్ ఘోష్ దర్శకుడు, తెర మీద 'బండెనక బండి కట్టి' అంటూ గద్దర్. దాన్ని ఆడించింది కొట్టాయం నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు కాదు. ఆ నర్సింగరావే తీసిన 'దాసి'కి ఐదు జాతీయ అవార్డులొచ్చాయి. మోహనకృష్ణ ఇంద్రగంటి చలం కథ 'దోషగుణం' తీసుకుని, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో 'గ్రహణం' తీశాడు, తొలి సినిమాకిచ్చే ఇందిరాగాంధీ అవార్డు తెచ్చుకున్నాడు. రజనీష్ దోమలపల్లి కొలంబియా యూనివర్సిటీలో చదువు కోసం తీసిన 'వనజ' 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం. అన్నీ తెలుగువే.

కేరళ సంగతి ఎత్తాడు కాబట్టి చెబుతున్నా. అక్కడ రక్తంలో ఏమీ లేదు, బడ్జెట్‌లో ఉంది. కేరళ అంతర్జాతీయ చిత్రోత్సవం 1996లో మొదలైంది. 2008 నుంచి డాక్యుమెంటరీలకు, షార్ట్ ఫిల్ములకు విడిగా ఇంకో ఉత్సవం జరుగుతోంది. ప్రభుత్వ ఫిల్మ్ కార్పొరేషన్‌కు తిరువనంతపురంలో సొంత థియేటర్లున్నాయి. 2024లో 'సీస్పేస్' అని సర్కారు ఓటీటీ కూడా పెట్టారు. కాలేజీ పిల్లలు మెడలో పాసు వేసుకుని పొద్దున్నుంచి రాత్రి దాకా సినిమాలు చూసి పెరిగితే రుచి దానంతటదే వస్తుంది. మనకు అలవాటు చేసినవాడు లేడు. ఫిల్మ్ సొసైటీల వాళ్లు కరీంనగర్‌లో, విశాఖలో, హైదరాబాద్‌లో కుర్చీలు మోసి, తెరలు కట్టి చేసినంత చేశారు. అదయినా వాళ్ల జేబులోంచే. ఇంకా నవ్వొచ్చేదేమిటంటే, ఈ మెసేజ్ పంపినవాళ్లే డబ్బింగ్ మలయాళం సినిమా చూసి 'ఎంత సహజంగా తీశార్రా' అంటారు. అదే నడకతో తెలుగులో తీస్తే నత్త గుర్తొస్తుంది.

ఇక అసలుది. ఐదో పాయింటు. మిగతా ఆరూ ఎలా ఉన్నా వదిలేసేవాణ్ణి, దీన్ని మాత్రం వదలను: 'నిజంగా బాగుంటే ఏ సినిమా అయినా తనంతట తనే ఆడుతుంది. పెళ్లి చూపులు ఆడలేదా? కంచరపాలెం ఆడలేదా? థియేటర్లు ఇవ్వలేదనడం చేతకానివాళ్ల సాకు.'

వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. ఇది నమ్మితే ఆడని ప్రతి చిన్న సినిమా చెత్త అయిపోతుంది. మన మీద ఏ బాధ్యతా ఉండదు, హాయి.

ముందు వాడిచ్చిన ఉదాహరణలే తీసుకుందాం. 2016లో 'పెళ్లి చూపులు'ను జనం ముందుకు తెచ్చింది డి.సురేష్‌బాబు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' పోస్టరు మీద సమర్పణ రానా. అమెరికాలో గుండె డాక్టరైన ప్రవీణ పరుచూరి డబ్బు పెట్టి, వెంకటేష్ మహా కంచరపాలెం మనుషుల్నే నటులుగా పెట్టి తీసిన సినిమా అది. న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు ఎంపికైంది. అప్పుడు సురేష్ ప్రొడక్షన్స్ చెయ్యి పడింది. విడుదలకు ముందే సినిమావాళ్లకు చూపించారు, రాజమౌళి లాంటివాళ్లు మెచ్చుకున్నారు, ఆ మాట ఊరంతా పాకింది, థియేటర్లు దొరికాయి. రెండు సినిమాలూ గొప్పవే, నాకూ ప్రాణమే. కానీ తనంతట తనే ఆడిందంటే ఎలా? పెళ్లికి పిల్ల బాగుంటే చాలు, మండపం దానంతటదే వస్తుందన్నట్టుంది. రాష్ట్రాల్లో థియేటర్లు ఎవరి చేతుల్లో ఉన్నాయో, అందులో సురేష్‌బాబు వాళ్లకున్న వాటా ఏమిటో ఈ నిజమైన అభిమానికి తెలియదా? తెలుసు. తెలిసే రాశాడు.

ఆ చెయ్యి పడని సినిమా గతి చూద్దాం. థియేటరుకు అద్దె కట్టాలి. వసూళ్లు అద్దెకు చాలకపోతే డెఫిసిట్, అదీ నిర్మాత జేబులోంచే. అద్దె కాదు వసూళ్లలో వాటా కావాలని ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవాళ్లు, పట్టుబట్టి 2025 మేలో థియేటర్లే మూసేస్తామన్నారు కదా, పెద్దవాళ్లకే ఆ లెక్క తెగలేదు. 'ఇప్పుడు డిజిటల్ కదా, ప్రింటు ఖర్చు లేదు' అని కూడా ఒక ముక్క రాశాడు ఇదే పాయింటులో. ప్రింటు పోయింది, దాని బదులు స్క్రీనుకింత, వారానికింత అని డిజిటల్ కంపెనీల చార్జీ వచ్చింది. ఆ చార్జీల మీదే 2018 మార్చిలో నిర్మాతలు సినిమాలు ఆపేశారు, కొన్ని రోజులు హాళ్లు బోసిపోయాయి. వంద కోట్ల సినిమాకు ఆ చార్జీ చిల్లర. యాభై లక్షల సినిమాకు అది పోస్టర్ల డబ్బు.

ఇంత కట్టాక ఇచ్చే ఆట ఏది? పొద్దున పదిన్నరది. లేకపోతే మధ్యాహ్నం రెండున్నరది, అదీ ఊరి చివర మాల్‌లో. సాయంత్రం ఆరున్నర, రాత్రి తొమ్మిదిన్నర ఎప్పుడూ పెద్ద సినిమావే. ఉద్యోగం చేసేవాడు శుక్రవారం పొద్దున పదిన్నరకు ఎలా వస్తాడు? రాలేదు కాబట్టి జనం లేరు. జనం లేరు కాబట్టి సోమవారానికి ఆట తీసేస్తారు. మంగళవారం ఎవరో 'బాగుందట' అంటారు, బుధవారం మనం టికెట్ల యాప్ తెరుస్తాం, అక్కడ సినిమా పేరు కూడా ఉండదు. మౌత్ టాక్ అని మనం మురిసిపోయే దానికి కూడా కనీసం ఒక వీకెండు, ఒక ఫస్ట్ షో కావాలి. ఒక మల్టీప్లెక్సులో నాకే జరిగింది. టికెట్ కొనుక్కుని వెళితే 'ఇంకో నలుగురు వస్తేనే షో వేస్తామండీ, లేకపోతే డబ్బు వాపస్' అన్నాడు కౌంటరు దగ్గర కుర్రాడు. అతని తప్పేం లేదు, పైనుంచి చెప్పిందే చెప్పాడు. ఆ నలుగురూ రాలేదు. ఆ సినిమా బాగుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మెసేజ్ రాసినవాడికి మాత్రం తెలిసిపోయింది. ఆడలేదుగా, బాగుండదన్నమాట.

'అయితే ఓటీటీలో వెయ్యొచ్చుగా' అనేది ఆరో పాయింటు. ఆహా, ఇది మాకు తట్టనేలేదు! లాక్‌డౌన్ రోజుల్లో ఎగబడి కొన్నవాళ్లే, ఇప్పుడు చిన్న సినిమా తీసుకెళితే ముందు థియేటర్లో ఎంత చేసిందో చెప్పమంటున్నారు. థియేటర్ వాడు ఓటీటీకి పొమ్మంటాడు, ఓటీటీ వాడు థియేటరుకి పొమ్మంటాడు. 'ముత్తయ్య'నే చూడండి. సినిమాలో నటించాలని డెబ్భై ఏళ్ల వయసులో కలలు కనే పల్లెటూరి తాత కథ. 'బలగం'లో కొమురయ్యగా అందరినీ ఏడిపించిన కేతిరి సుధాకర్ రెడ్డి నటించాడు. 2022లోనే లండన్‌లో యూకే ఏషియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో చూపించారు. మనకు ఈటీవీ విన్‌లో కనిపించేసరికి 2025 వచ్చింది. మన తాత మాట మనకంటే ముందు లండన్ వాళ్లు విన్నారు. ఇదేనా తనంతట తనే ఆడడం?

ఏడో పాయింటు: 'అవార్డులు కొనుక్కుంటారు, ఎవరికీ డబ్బులివ్వరు, అడిగితే కళ అంటారు.'

బావా, ఇక్కడ మాత్రం నువ్వు పంపింది నిజం.

పోస్టరు నిండా ఆకుల బొమ్మలు, మధ్యలో 'అఫీషియల్ సెలెక్షన్' అని. సగం ఉత్సవాల పేర్లు ఎవరూ వినలేదు. ఎంట్రీ ఫీజు కడితే మెయిల్లో సర్టిఫికెట్ వచ్చేవి, హాలూ తెరా లేనివి, బోలెడున్నాయి. ఆ ఆకుల్ని చూసి నేను సినిమా చూడడం ఎప్పుడో మానేశాను. 'చిన్న సినిమా కదా పాపం' అని మూడు స్టార్లు వేసే రివ్యూలు కూడా నాకు నచ్చవు. బాగోలేకపోతే బాగోలేదనాలి, చిన్నదైనా సరే.

డబ్బుల సంగతి అంతకన్నా దారుణం. థియేటర్లు ఇవ్వలేదని, అన్యాయం జరిగిందని హీరో ఇంటర్వ్యూ ఇస్తుంటాడు, ఆ సినిమా ఎడిట్ చేసిన పిల్లవాడికి ఆర్నెల్లుగా రూపాయి అందదు. 'క్రెడిట్ వేస్తాం బ్రో, నీకే ఎక్స్‌పోజర్.' రాత్రి రెండింటికి షూటింగ్ ముగిస్తే మేకప్ చేసిన అమ్మాయి ఎలా ఇంటికి వెళ్లిందో అడిగినవాడుండడు. కెమెరా అద్దెకు మాత్రం అడ్వాన్సు కడతారు, ఎందుకంటే కట్టకపోతే కెమెరా రాదు. మనిషి ఊరికే వస్తాడు. అందుకని మనిషికి ఆఖర్న, మిగిలితే.

దీనికి నా దగ్గర సమాధానం లేదు, సమర్థించాలనీ లేదు. థియేటరు ఇవ్వనివాణ్ణి తిట్టే ముందు ఆ ఎడిటింగ్ పిల్లవాడి లెక్క తేల్చండయ్యా. పెద్ద మొత్తం అక్కర్లేదు, ముందే ఎంతిస్తామో కాగితం మీద రాసి, రాసింది ఇవ్వండి.