మాక్‌బెత్ విందులోని పీటకు

మహారాజశ్రీ ముక్కాలిపీట గారికి నమస్కరించి రాయునది.

మీకు కాళ్ళు మూడో నాలుగో షేక్‌స్పియర్ చెప్పలేదు. ‘స్టూల్’ అని ఊరుకున్నాడు. నాకు అలవాటైన పేరుతో పిలుస్తున్నాను, తప్పయితే మన్నించండి.

మీ మీద నాకు చాలా రోజులుగా ఒక అనుమానం. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకం అనగానే జనం ముగ్గురు మంత్రగత్తెలను తలుచుకుంటారు. గాలిలో వేలాడిన బాకును, నిద్రలో నడుస్తూ చేతులు రుద్దుకునే రాణిని తలుచుకుంటారు. మీ ఊసు ఎవరూ ఎత్తరు. కానీ స్కాట్లాండు రాజు డంకన్‌ను తన ఇంట్లోనే చంపి, నేరం కాపలావాళ్ళ మీదికి నెట్టి, వాళ్ళనూ నరికేసి, నలుగురి ఎదుటా నిలబడి నెట్టుకొచ్చిన మాక్‌బెత్ చివరికి పరువు పోగొట్టుకున్నది మీ దగ్గర. మీరేం చేశారని? గోడ పక్కన ఎక్కడ పెడితే అక్కడ ఉన్నారు. అంతే కదా? అంత అమాయకంగా కనబడేవాళ్ళను నేను అంత తేలిగ్గా నమ్మను.

ఆ రాత్రి సంగతి మీకు నేను చెప్పాలా! అయినా చెబుతాను. మూడో అంకం, నాలుగో రంగం. కొత్త రాజుగారి విందు. ‘ఎవరి అంతస్తు వాళ్ళకు తెలుసుగా, కూర్చోండి’ అంటాడు మాక్‌బెత్. దొడ్డిదారిన గద్దెనెక్కినవాడికి వరసలూ మర్యాదలూ ఎంత ముఖ్యమో చూడండి. ఇంతలో గుమ్మం దగ్గరికి ఆయన పురమాయించిన హంతకుడు వచ్చి నిలబడతాడు. వాడి మొహం మీద నెత్తురు తుడుచుకోలేదు. రాజుగారి తోటి సేనాని బాంకో తల మీద ఇరవై గాట్లు పడ్డాయి, కొడుకు ఫ్లియాన్స్ మాత్రం తప్పించుకున్నాడు అని లెక్క అప్పజెబుతాడు. రాజుగారు తిరిగి అతిథుల్లోకి వచ్చి, ‘అయ్యో, మా బాంకో కూడా ఉంటే ఎంత బాగుండేది’ అని వగలుపోతాడు.

బాంకో ఉన్నాడు. మీ మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున ‘మా విందుకు తప్పకుండా రావాలి’ అని రాజుగారు పిలిస్తే ‘తప్పకుండా’ అన్నాడు పాపం. ఆ నాటకంలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నవాళ్ళు తక్కువ. వాళ్ళలో ఇతనొకడు, అదీ చచ్చాక.

‘కూర్చోండి ప్రభూ’ అంటారు దొరలు. ‘బల్ల నిండిపోయిందే’ అంటాడు రాజు. ‘ఇదిగో, మీకోసం ఉంచిన చోటు’ అంటారు. ‘ఎక్కడ?’ అంటాడు. పెళ్ళి బంతిలో వియ్యంకుడు విస్తరి ముందు నిలబడి ఇలా అడిగితే మనవాళ్ళు పక్కనున్నవాడి చెవిలో ఏమంటారో మీరు ఊహించుకోగలరు.

ఆ తర్వాత ఆయన నోట మొదట వచ్చిన మాట ‘ఇది మీలో ఎవరు చేశారు?’ అని. వెంటనే దయ్యం వైపు తిరిగి ‘నేనే చేశానని నువ్వు అనలేవు’ అంటాడు. అసలు ఎవరన్నారు? మీరా? దయ్యమా? ఆ దయ్యానికి నాటకం మొత్తంలో ఒక్క మాట లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరని ఎవరూ అడగకముందే రాజుగారు రెండు భుజాలూ తడుముకున్నారు, అదీ రాజ్యంలోని పెద్దలందరినీ పిలిచి కూర్చోబెట్టి. రాణిగారు చేయగలిగినంత చేసింది. మా ఆయనకు చిన్నప్పటి నుంచీ ఇలాగే వస్తుంటుంది, మీరు భోంచేయండి అని సర్దింది. ఆయన చెవిలో మాత్రం, ‘ఇంతా చేసి మీరు చూస్తున్నది ఉత్త పీటను’ అంది. ఉత్త పీట! ఆ మాటకు మీకు కోపం వచ్చిందో నవ్వొచ్చిందో తెలిస్తే బాగుండును.

ఆయన గోల వేరు. ‘పూర్వం తల పగిలితే మనిషి చచ్చేవాడు, దాంతో సరి. ఇప్పుడు నెత్తిన ఇరవై చావుగాయాలతో లేచొచ్చి మనల్ని పీటల మీంచి తోసేస్తున్నారు’ అంటాడు. చంపినందుకు బాధ కాదండీ ఇది. చచ్చినవాళ్ళు పద్ధతి పాటించడం లేదని కంప్లయింటు. నాకు ఆ నాటకంలో అన్నిటికన్నా భయం వేసే చోటు ఇదే.

ఇక మీ మీద కూర్చున్న పెద్దమనిషి సంగతి. షేక్‌స్పియర్ చేతిలో ఉన్న హోలిన్‌షెడ్ చరిత్ర పుస్తకంలో డంకన్ హత్యకు బాంకో కూడా పొత్తుదారే. నాటకంలో ఆ మరక కనబడదు. ఎందుకు కనబడుతుంది? 1603లో ఇంగ్లండు గద్దెనెక్కిన జేమ్స్ రాజు తాను బాంకో వంశం వాడినని నమ్మాడు. షేక్‌స్పియర్ నాటక కంపెనీకి అదే ఏడు ‘రాజుగారి మనుషులు’ అని పేరిచ్చి పోషకుడైంది కూడా ఆయనే. మంత్రగత్తెల మీద 1597లో ఏకంగా పుస్తకం రాసిన మనిషి. జీతమిచ్చే దొర తాతముత్తాతల చేతికి నెత్తురు అంటిస్తామా? కడిగేశారు. రాణి లేడీ మాక్‌బెత్‌కు అరేబియా అత్తర్లన్నీ కలిపినా వదలని మరక, బాంకోకు ఒక్క కలం పోటుతో వదిలిపోయింది.

ఇంకో తమాషా. ఈ బాంకో అనేవాడు చరిత్రలో లేడంటారు పండితులు. 1527లో హెక్టర్ బోయిస్ అనే చరిత్రకారుడి పుస్తకంలో పుట్టాడు. అంటే ఎన్నడూ లేని మనిషి, చచ్చి, దయ్యమై, రాజుగారికి తప్ప ఎవరికీ కనబడకుండా మీ మీద కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పండి, ఆ రాత్రి మీరు ఖాళీయా కాదా? అసలు మాక్‌బెత్ మాత్రం నిజంగా ఉన్నాడు. 1040లో డంకన్‌ను చంపింది పడకగదిలో కాదు, యుద్ధంలో. తర్వాత 17 ఏళ్ళు ఏలాడు. 1050లో రోము యాత్రకు వెళ్ళి పేదలకు డబ్బు విత్తనాలు చల్లినట్టు చల్లాడట. పాపం, నాటకంలో ఆయనకు ఒక్క పూట భోజనం కూడా దక్కనివ్వలేదు.

మీ ఖాళీ గురించి రంగస్థలం వాళ్ళు కూడా తలలు పట్టుకున్నారు. 1611లో గ్లోబ్ థియేటర్లో ఈ నాటకం చూసిన సైమన్ ఫోర్‌మన్ అనే జ్యోతిష్కుడు, రాజు లేచి బాంకో పేరు తలుస్తుండగా దయ్యం వచ్చి ఆయన వెనక కుర్చీలో కూర్చుందని రాసుకున్నాడు. ఆ రాతలో మిమ్మల్ని కుర్చీ చేశాడు, సంతోషించండి. 1794లో లండన్లో జాన్ ఫిలిప్ కెంబుల్ అనే నటుడు దయ్యాన్నే తీసేశాడు. ఉత్త పీటను చూసి బెదిరిపోయి నటించాడు. చదువుకున్నవాళ్ళకు అది గొప్పగా ఉంటుంది. టికెట్టు కొన్నవాళ్ళకు దయ్యం కావాలి.

నాకు మీతో స్వయంగా పరిచయం ఉంది లెండి. డిగ్రీలో కాలేజీ డే నాడు ఈ ఒక్క రంగం వేశాం. మాటలు గుర్తుండవని నాకు బాంకో దయ్యం వేషం ఇచ్చారు. ముఖానికి పౌడరు, నెత్తిన కుంకుమ నీళ్ళు. మీ పాత్రకు టెంట్‌హౌస్ నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మీద ఎర్ర దుప్పటి కప్పారు. కూర్చోగానే దుప్పటి జారి, కుర్చీ వీపు మీద పెయింటుతో రాసిన టెంట్‌హౌస్ పేరు జనానికి కనబడింది. హాలంతా నవ్వు. మాక్‌బెత్ వేసినవాడు మాత్రం నన్ను చూసి నిజంగానే వణికాడు. ముందు రోజు పరీక్షలో వాడు నా పేపరు చూసి రాశాడని అప్పటిదాకా నాకు తెలియదు.

మళ్ళీ మీ రాజుగారి దగ్గరికి వద్దాం. మొదటి అంకంలోనే ఆయన తన ఆశ గురించి ఒక మాట అన్నాడు, గుర్తుందా? గుర్రం ఎక్కబోయి మరీ ఎత్తుకు ఎగిరి అవతలి పక్క పడినట్టని. కూర్చునే చోటు తప్పుతుందని అప్పుడే తెలుసు ఆయనకు. తెలిసీ ఎగిరాడు. మంత్రగత్తెలు రాజువవుతావన్నారే గాని చంపమనలేదు. దానికి ముందే, రాత ఉంటే నేను కదలకుండానే కిరీటం వస్తుందిలే అని కూడా అనుకున్నాడు. కదలకుండా ఉండటం మీకు చేతనైనట్టు ఆయనకు చేతకాలేదు.

ఆయన అంత ఆశపడి స్కోన్ వెళ్ళి పట్టం కట్టించుకొచ్చాడు కదా, స్కాట్లాండు రాజులను అక్కడ కూర్చోబెట్టే ఆసనం కూడా ఒక రాయి. 1296లో ఇంగ్లండు రాజు దాన్ని ఎత్తుకుపోయాడు. 1950 క్రిస్మస్ నాడు కుర్రాళ్ళు కొందరు దాన్ని లండన్లోని వెస్ట్‌మిన్‌స్టర్ చర్చి నుంచి దొంగిలిస్తుంటే రెండు ముక్కలైంది. 1996లో తిరిగి స్కాట్లాండు చేరింది. మీకేమో ఇవేవీ లేవు. ఎవరూ ఎత్తుకుపోలేదు, ఎవరూ కాపలా కాయలేదు.

ఒక్క విషయం అడిగి ముగిస్తాను. ‘వరసలు చూడకండి, ముందు బయల్దేరండి’ అని రాణిగారు అతిథులందరినీ పంపేశాక ఆ గదిలో ఇద్దరే మిగిలారు. ‘రాత్రి ఎంతయింది?’ అని అడిగాడాయన. తెల్లవారడానికి వచ్చిందంది ఆవిడ. అప్పుడైనా ఆయన వచ్చి మీ మీద కూర్చున్నాడా, లేక మిగతా మాటలన్నీ నిలబడే మాట్లాడాడా? పుస్తకంలో లేదు. వీలు చూసుకుని జవాబు రాయగలరు.

ఇట్లు,
ఒకప్పుడు మీ మీద రెండు నిమిషాలు కూర్చున్నవాడు