సవరణ: మస్తానమ్మ గారిది గుంటూరు జిల్లా గుడివాడ

యూట్యూబ్‌లో పేరు తెచ్చుకున్న వంటల బామ్మ మస్తానమ్మ గారిని తలచుకుంటూ నేను పెట్టిన పోస్టులో రెండు మార్పులు చేశాను. ఆమెది కృష్ణా జిల్లాలోని గుడివాడ పట్టణం కాదు, గుంటూరు జిల్లాలో తెనాలి వైపున్న గుడివాడ అనే పల్లె. పేరు ఒకటే కావడంతో చాలాచోట్ల ఈ పొరపాటు కనిపిస్తోంది. ఆమె పొయ్యి పెట్టిన పొలాలు ఆ పల్లెవి. ఆ గుర్తింపు దానికే దక్కాలి.

‘యూట్యూబ్ ఛానెల్ ప్రారంభించిన బామ్మ’ అన్న మాట కూడా తీసేశాను. 2016లో ఆమె వంటలు చూపిన ‘కంట్రీ ఫుడ్స్’ ఛానెల్‌ను మొదలుపెట్టింది ఆమె మునిమనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి. బామ్మ చేసింది వంట. లక్షలమంది చూసింది ఆ చేతుల్నే. కత్తి జోలికి పోకుండా గోళ్లతోనే అల్లం పొట్టు తీసేవారు. గుజ్జు తోడేసిన పుచ్చకాయలో కోడికూర వండి ఊరందరినీ, ఆ తర్వాత ప్రపంచాన్నీ ఆశ్చర్యపరిచారు. చిన్న వయసులోనే భర్తను, తర్వాత కన్నబిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి ఆమె. అయినా వడ్డించేటప్పుడు ఆ ముఖంలో ఎంత వెలుగో! అందుకే ఆమె గురించి రాసే ప్రతి వివరమూ సరిగ్గా ఉండాలని నా పట్టుదల.

2018 డిసెంబరులో ఆమె కన్నుమూశారన్న వాక్యంలో మార్పు లేదు.