కెమెరా వీపెక్కిన ఫ్యాను గారికి

శ్రీ బుల్లి ఫ్యాను గారి సముఖమునకు,

కడప నుంచి మీ యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మే నెల కడపలో కుశలం ఎవరికుంది, తమరికి తప్ప?

ఏడు రోడ్ల దగ్గర పాత కంప్యూటర్ల షాపులో, దుమ్ము కొట్టుకుపోయిన మదర్‌బోర్డు మీద తమరిని మొదటిసారి చూసినప్పుడు నాకింత భక్తి లేదు. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, 12 వోల్టులు, యాభై రూపాయలు. అంతే తమరి జాతకం. అవసరం నాది కాబట్టి బేరమాడలేదు.

ఆ అవసరమేమిటో చెబుతాను. నా టెలిస్కోపుకు తగిలించిన వీడియో కెమెరా పది సెకన్ల వెలుగును పోగేసి ఒక్కో బొమ్మ చూపిస్తుంది. అంతసేపూ వెలుగుతోపాటు సెన్సర్‌లోని వేడి కూడా ఎలక్ట్రాన్లను పోగేస్తూ ఉంటుంది. అవన్నీ తెర మీద తెల్ల చుక్కలై మెరుస్తాయి. ఒక రాత్రి తెర నిండా నక్షత్రాలు చూసి పొంగిపోయాను. టెలిస్కోపు మూత తీయలేదని తర్వాత తెలిసింది.

సెన్సర్ ఆరేడు డిగ్రీలు వేడెక్కితే చాలు, ఈ దొంగ కరెంటు రెట్టింపవుతుంది. దీన్నే డార్క్ కరెంట్ అంటారు. మా మిద్దె మీద పరిచినవేమో కడప బండలు. పగలంతా తాగిన ఎండను రాత్రి పదింటి దాకా కక్కుతూనే ఉంటాయి. అమ్మ బిందెడు నీళ్లు చల్లితే ఆవిరి లేస్తుందే గానీ సెగ తగ్గదు.

తమరిని ప్రతిష్ఠించిన రాత్రి చేసిన ఘనకార్యం గుర్తుందా? ముందు తిరగేసి బిగించాను. స్టిక్కర్ ఉన్న వైపుకే గాలి కొడతారని నాకేం తెలుసు! లోపలి వేడిని బయటికి లాగాల్సింది పోయి, బయటి వడగాలిని లోపలికి తోశారు. సరిచేసి మళ్లీ స్క్రూలు బిగిస్తే, ఈసారి తమరి అదురుకు ఒక్కో చుక్కా జిలేబీ చుట్టయింది. స్క్రూలు పీకి, సైకిల్ ట్యూబు ముక్కల మెత్తలు వేసి కూర్చోబెట్టాను. 12 వోల్టులు తగ్గించి 7 ఇచ్చాక గానీ కాస్త మర్యాదగా తిరగలేదు. అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు చేయరు.

ఇంతా చేసి తమరు చల్లబరుస్తారా అంటే, లేదు. ఆఫీసులో ఫైలును ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి తోసినట్టు, వేడిని డబ్బాలోంచి ఊళ్లోకి తోస్తారు. ఊరు 33 డిగ్రీలుంటే అంతకంటే కిందికి దిగడం తమరి వల్ల కాదు. దిగాలంటే కరెంటిస్తే ఒక వైపు చల్లబడే పెల్టియర్ బిళ్ల కావాలి, దాన్ని మేపడానికి పెద్ద బ్యాటరీ కావాలి. అయినా న్యాయంగా ఒప్పుకుంటాను: కెమెరా వీపు 48 నుంచి 36కి వచ్చింది. పన్నెండు డిగ్రీలు తగ్గితే దొంగ చుక్కలు దాదాపు నాలుగో వంతుకు పడిపోతాయి. తమరి పొగరంతా దాని మీదే కదా!

మొన్న కరెంటు పోయింది. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగాయి, బ్యాటరీ మీద తమరొక్కరే గిర్రుమంటున్నారు. అమ్మ చాపా విసనకర్రా పట్టుకుని పైకొచ్చింది. "ఏందిరా ఇది! మనుషులకు లేని ఫ్యాను డబ్బాకా?" అంది. జవాబు దొరక్క, పాలకొండల పైన, దక్షిణంగా ఒమెగా సెంటారీ అనే నక్షత్రాల గుంపును చూపించాను. పదిహేడు వేల కాంతి సంవత్సరాల దూరం, కోటి దాకా నక్షత్రాలు. తెర మీద పిడికెడు గసగసాలు పోసినట్టుంది. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని మరీ చూసింది.

సరిగ్గా అప్పుడే నేను పెట్టిన టంకం ఊడి తమరు ఆగిపోయారు. కొంతసేపటికి గసగసాల మధ్య దొంగ చుక్కలు మొలవడం మొదలైంది. నేను చీకట్లో వైరు వెతుక్కుంటుంటే అమ్మ కెమెరా పక్కన పీట వేసుకుని విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది. చుక్క అదరలేదు. ఏ ట్యూబు ముక్కా అక్కర్లేకపోయింది.

తమరి టంకం ఇంకా పెట్టలేదు. ఈ ఆదివారం పెడదామనే ఉంది గానీ, అమ్మ రోజూ పొద్దుగూకగానే "ఈ రాత్రి ఎన్ని గంటలకురా?" అని అడుగుతోంది.

ఇట్లు,
తమరి యాభై రూపాయల యజమాని