దాచిన కాపీ తిరిగొస్తుందా?

2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కోల్‌కతా విమానానికి పెన్నుతో నింపిన అలాంటి పాసు ఫొటో ఆ రోజంతా ఫోన్లలో తిరిగింది. చూసినవాళ్లు నవ్వుకున్నారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌కు ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. ఆ తప్పును సంస్థ 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది. అయితే పడ్డ యంత్రాల్లో చాలావాటి దగ్గరికి మనిషే వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక ఫైలు తీసేయాల్సి వచ్చింది. డిస్కులోని సమాచారానికి రహస్య కోడ్‌తో తాళం వేసి ఉంటే, దాన్ని తెరిచే రికవరీ కీ కూడా కావాలి. కొన్ని సంస్థల్లో ఆ కీలు దాచిన సర్వరే పడిపోయింది. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టయింది.

దీన్ని విమానాల గొడవగా చూసి మరిచిపోయాం. ప్రభుత్వ ఐటీ అధిపతులు మాత్రం మరిచిపోకూడని సంగతి మరొకటి దక్షిణ కొరియాలో జరిగింది. 2025 సెప్టెంబర్ 26 రాత్రి డేజాన్‌లోని జాతీయ డేటా కేంద్రంలో యూపీఎస్ బ్యాటరీలను నేలమాళిగకు తరలిస్తుండగా మంటలు లేచాయి. పదేళ్ల వాడకం గడువు దాటిన లిథియం బ్యాటరీలవి. ఆర్పడానికి దాదాపు 22 గంటలు పట్టింది. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. పోస్టాఫీసు లావాదేవీలు, మొబైల్ గుర్తింపు కార్డులు, ధ్రువపత్రాల పోర్టల్ అన్నీ అందులోవే.

వాటిలో చాలావరకు మెల్లగా లేచాయి. లేవనిది జీ-డ్రైవ్ అనే ప్రభుత్వ క్లౌడ్. ప్రభుత్వోద్యోగులు పని పత్రాలను ఆఫీసు కంప్యూటర్లో ఉంచుకోకుండా ఈ ఉమ్మడి క్లౌడ్‌లోనే దాచాలని 2018 నుంచి అక్కడ నిబంధన. తలా 30 జీబీ చోటిచ్చారు. అందులో చేరిన 858 టెరాబైట్ల సమాచారం బూడిదైంది. మరీ పెద్దది కాబట్టి బయట మరో చోట బ్యాకప్ పెట్టలేదన్నది అధికారులిచ్చిన సంజాయిషీ. ఇక వెతుకులాట ఎక్కడ మొదలైందంటే, ఉద్యోగుల సొంత కంప్యూటర్లలో, ఈమెయిళ్లలో, ప్రింటు తీసి పెట్టుకున్న కాగితాల్లో. నిబంధనను తు.చ. తప్పకుండా పాటించినవాడే ఎక్కువ పోగొట్టుకున్నాడన్నమాట. మూడేళ్ల ముందు, 2022 అక్టోబర్‌లో, ఓ ప్రైవేటు డేటా సెంటర్ కాలి, అక్కడివాళ్ల వాట్సాప్ లాంటి కకావ్‌టాక్ ఆగిపోయినప్పుడు డేటాను రెండు చోట్ల ఉంచాలని కంపెనీలకు హితవు చెప్పి చట్టం సవరించింది కూడా ఆ ప్రభుత్వమే.

మన దగ్గర దిల్లీ ఎయిమ్స్ ఉంది. 2022 నవంబర్ 23న రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) దాడిలో అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడింది. నెట్‌వర్కును సరిగా విడగొట్టకపోవడమే కారణమని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అదృష్టం ఏమిటంటే ఒక బ్యాకప్ సర్వర్‌కు దెబ్బ తగల్లేదు, ఈ-హాస్పిటల్ సమాచారమంతా దానినుంచే తిరిగొచ్చింది. అయినా సేవలు గాడిన పడటానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ ఓపీ చీటీలు, పరీక్షల రిపోర్టులు చేతిరాతతోనే నడిచాయి. కాపీ ఉండటం ఒకటి, దాన్ని తెచ్చి మళ్లీ నిలబెట్టడం మరొకటి. టెండర్లలో మొదటిదే రాస్తున్నారు. రెండోదాన్ని ఎన్ని గంటల్లో చేయాలో, ఏడాదికి ఎన్నిసార్లు చేసి చూపాలో అడిగేవారు తక్కువ.

తెలుగు రాష్ట్రాలకు ఈ మాట మరీ దగ్గరగా తగులుతుంది. తెలంగాణలో 2020 సెప్టెంబర్‌లో వీఆర్వోల దగ్గరున్న రికార్డులన్నీ ఒక్క రోజులో వెనక్కి తీసుకున్నారు. అక్టోబర్ 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి. ఆ రికార్డుల్లో దిద్దుబాట్లు, అక్రమాలు లేవని మేమనం. వీఆర్వో చేతిలో పహాణీ ఉండటం రైతుకు ఎంత ఖర్చో ఊళ్లో అందరికీ తెలుసు. కానీ ఊరూరా ఉన్న ప్రతులను తీసుకుని భూమి లెక్కంతా ఒక్కచోట చేర్చిన ప్రభుత్వం, ఆ ఒక్కచోటికీ నిప్పంటుకుంటే ఏం చేస్తుందో చెప్పాల్సిన బాధ్యతను కూడా తీసుకున్నట్టే. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్ర వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. ఫోనులోనే ధ్రువపత్రం రావడం నిజంగా మేలే. తిరుగుడు తగ్గింది. అయితే ఆ సేవకు ముందు తలుపు ఓ విదేశీ కంపెనీ యాప్, వెనక గదిలో శాఖల సర్వర్లు. తలుపు మూసుకున్న రోజు జనం ఏ దారిన రావాలో సచివాలయ సిబ్బందికి ముందే తెలిసి ఉండాలి. ‘సర్వర్ డౌన్, రేపు రండి’ అన్న మాట మీసేవ కేంద్రాల్లో మనకు ఎంత అలవాటైందంటే, అది వైఫల్యమని గుర్తించడం కూడా మానేశాం.

ఐటీ అధిపతుల మీద నెపం వేయడం తేలిక. వాళ్ల గోడూ వినాలి. రెండో డేటా సెంటర్‌కు డబ్బడిగితే ‘ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా’ అంటుంది ఆర్థిక శాఖ. తక్కువ కోట్ చేసిన ఎల్-1 వెండర్ మొదట కోసేది బ్యాకప్ ఖర్చే. ఏఐ చాట్‌బాట్‌కు ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటో ఉంటుంది. బ్యాకప్ నుంచి మళ్లీ లేపి చూసే రిస్టోర్ పరీక్షకు రిబ్బన్ కత్తిరించే మంత్రి ఇంకా పుట్టలేదు.

చట్టాలు లేక కాదు. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా విభాగం సెర్ట్-ఇన్‌కు చెప్పాలన్న ఆదేశం 2022 ఏప్రిల్‌దే. వ్యక్తిగత డేటా రక్షణకు తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే రూ.250 కోట్ల వరకు జరిమానా అంటోంది 2023 చట్టం. 2025 నవంబర్‌లో వచ్చిన నియమాల్లో బ్యాకప్ ప్రస్తావన కూడా ఉంది. ఇవన్నీ కాగితం మీద బాగున్నాయి. లేనిదల్లా చేసి చూపే అలవాటు. భవనాల్లో ఫైర్ డ్రిల్ చేసినట్టే, ఏడాదికి రెండుసార్లయినా ఒక ముఖ్యమైన వ్యవస్థను ఉద్దేశపూర్వకంగా ఆపి, బ్యాకప్ నుంచి లేపి, ఎంతసేపు పట్టిందో రాయాలి. ఇందుకు కొత్త సంస్థ అక్కర్లేదు, ఓ శనివారం రాత్రి చాలు.

రెండు రాష్ట్రాల అసెంబ్లీల ముందు బడ్జెట్ పత్రాలతోపాటు ఒక పట్టిక పెట్టాలని మేం కోరుతున్నాం. శాఖ పేరు, చివరిసారి రిస్టోర్ చేసి చూసిన తేదీ, పట్టిన గంటలు. అంతే. ఏ శాఖ దగ్గరైనా తేదీ లేకపోతే ఆ గడిని ఖాళీగానే అచ్చు వేయండి.