దీపం ఎత్తు సరే, ఆధారం మాటేమిటి?

అక్వేరియంపై దీపాన్ని వేలాడదీయడం గురించి నేను చదివిన ఒక వ్యాసంలో ఎత్తు సంగతి చక్కగా వివరించారు గానీ, దాన్ని దేనికి బిగించాలన్నది ఒక్క మాటతో వదిలేశారు. జిప్సం ఫాల్స్ సీలింగ్‌లో స్క్రూ దిగినంత మాత్రాన ఆ పలక బరువు మోయదు; పైనున్న కాంక్రీటు శ్లాబుకే యాంకర్ బోల్టు బిగించి, అక్కడి నుంచే తీగను దించాలి. దీపం కరెంటు వైరు సాకెట్ కన్నా కిందికి వంపు తిరిగి పైకి వెళ్లేలా అమర్చితే, దాని వెంట జారే నీటి చుక్క సాకెట్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే రక్షణ స్విచ్) లేకుండా నీటిపై దీపం పెట్టడం నాకైతే దుస్సాహసంగానే తోస్తుంది. మొదట్లో రోజుకు 12 గంటలు వెలిగించి, చేపలకన్నా నాచునే ఎక్కువగా పెంచాను. టైమర్‌తో 7 గంటలకు తగ్గించి, దీపాన్ని మరో జానెడు పైకి లాగాక గాజు పచ్చబడటం తగ్గింది.