శివారు మనిషి సంగతేమిటి?

ధవళేశ్వరం వద్ద 1847లో మొదలైన ఆనకట్ట పని 1852లో పూర్తయ్యాక డెల్టాలో నీటితో పాటు మనిషి కూడా మారాడు. అంతకు ముందరి తరం కరువులకు ఊళ్లు విడిచిపోయింది. ఆ తరువాతి తరం మబ్బుకేసి చూడడం తగ్గించి, కాలువకు నీరెప్పుడు వదులుతారా అని చూడడం నేర్చుకుంది. సార్వా, దాళ్వా పంటల చుట్టూ అప్పుల గడువులూ పెళ్లి ముహూర్తాలూ సర్దుకున్నాయి. స్నాన సంకల్పంలో కాటన్ దొరను తలచుకునే పురోహితులున్న నేల ఇది. సాంకేతికత మనిషిని మార్చివేస్తోందన్న మాట విని ఇక్కడి వారు ఉలిక్కిపడనక్కరలేదు. అయితే ఈసారి మార్పు పొలం గట్టు దాటి ఒంట్లోని కణం లోపలికి వెళ్లింది.

జన్యువును కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతిని 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పెంటియర్ ప్రపంచానికి చూపారు. 2020లో వారికి రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. ఆ కత్తెర మన చేలకు ఇప్పటికే చేరువైంది. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాల్లో ఒకటి బాపట్ల సాంబ మసూరి నుంచి వచ్చింది. చౌడునూ నీటి ఎద్దడినీ తట్టుకోవడానికి ఉద్దేశించిన రెండోదానికి మూలం మన మార్టేరు పరిశోధన స్థానం ఇచ్చిన ఎంటీయూ 1010, అంటే కాటన్‌దొర సన్నాలు. నదిని మళ్లించిన దొర పేరు పెట్టుకున్న గింజలోనే జన్యువును మళ్లించడం కాకతాళీయమే కావచ్చు గానీ, ముచ్చటైన కాకతాళీయం.

అదే కత్తెర మనిషి నెత్తుటినీ సరిదిద్దుతోంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్ రక్తహీనతకు క్రిస్పర్‌తో చేసిన తొలి చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతినిచ్చాయి. రోగి రక్తమూలకణాలను బయటికి తీసి, సవరించి, తీవ్రమైన కీమోథెరపీతో ఎముక మజ్జను ఖాళీ చేసి, తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఆ జబ్బు ఉన్నది ఎక్కడో కాదు. డెల్టాకు ఎగువన, గోదావరి కొండలు దాటి వచ్చే రంపచోడవరం, చింతూరు ఏజెన్సీలో గిరిజన కుటుంబాలు తరతరాలుగా దానితో బతుకుతున్నాయి. దాళ్వాలో వంతులవారీగా నీరు వదిలినప్పుడు కాలువ చివరనున్న శివారు రైతు చేను ఎండే బాధ డెల్టా వారికి తెలియనిది కాదు. ఈ కొత్త కాలువకు మాత్రం నదికి పైనున్న వారే శివారు ఆయకట్టు అయ్యారు. దేశీయంగా చవకైన చికిత్స రూపొందించేందుకు కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) శాస్త్రవేత్తలు చేస్తున్న కృషికి ప్రభుత్వం నిధుల విషయంలో చేయి బిగించరాదు.

చికిత్స రాకముందే కార్డు వచ్చింది. 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని 2023 జూలైలో ప్రారంభించిన జాతీయ మిషన్ కింద రక్తపరీక్షలు చేసి, ఎవరికి జబ్బుందో, జబ్బు లేకున్నా దాని జన్యువును మోసే వాహకులెవరో తెలిపే కార్డులిస్తున్నారు. ఉద్దేశం మంచిదే: వాహకులైన ఇద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కానీ పదిహేనేళ్ల ఆడపిల్ల చేతిలో ఆ కార్డు పెట్టినప్పుడు, ఒంట్లో ఏ నలతా లేని ఆ పిల్ల తనను తాను ఏమని అనుకోవాలి? గోత్రమూ నక్షత్రమూ అడిగే పెళ్లిచూపుల్లో రేపు కార్డు అడుగుతారు; జబ్బు లేకున్నా వాహకురాలన్న పేరుతో సంబంధం తప్పిపోతే, ఆ లోపం అబ్బాయి కార్డులో ఉన్నప్పుడు కూడా ఇంత పట్టింపు ఉంటుందా అన్న అనుమానం మాకుంది. గర్భస్థ శిశువు క్షేమం చూడవలసిన స్కానింగును ఆడపిండాన్ని ఏరివేయడానికి వాడుకున్న సమాజం మనది. 1994లో చట్టం తెచ్చాక కూడా గుట్టుగా అడిగేవారూ చెప్పేవారూ మిగిలే ఉన్నారు.

అందుకే పిండంలోనే జన్యువును మార్చే పని గురించి ఇప్పుడే తేల్చుకోవాలి. 2018లో చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయ్ అలా మార్చిన కవలలు పుట్టారని ప్రకటించినప్పుడు ప్రపంచం నివ్వెరపోయింది. మరుసటి ఏడు ఆయనకు మూడేళ్ల జైలు పడింది. తరువాతి తరాలకు సంక్రమించే ఇలాంటి మార్పులను మన వైద్య పరిశోధన మండలి 2019 మార్గదర్శకాలు నిషేధించాయి గానీ, మార్గదర్శకానికి చట్టానికున్న పదును లేదు. పార్లమెంటు ఆ పదును ఇవ్వాలి.

ఈలోగా ఏజెన్సీలో చేయవలసినవి ఖరీదైనవి కావు. కార్డు ఇచ్చేముందు దాని అర్థమేమిటో కోయ భాషలో విడమరచి చెప్పగల మనిషిని నియమించాలి. ఆ వివరాలు పరీక్ష చేయించుకున్నవారి అనుమతి లేకుండా పంచాయతీ వారికి గానీ, బడికి గానీ, పెళ్లి పెద్దలకు గానీ అందకూడదు. ఈ జబ్బులో వచ్చే నొప్పుల తాకిడిని తగ్గించే హైడ్రాక్సీయూరియా అనే మందు క్రిస్పర్ కంటే ఎంతో పాతది, చవకైనది. శబరి పోటెత్తి చింతూరు దారులు మునిగే లోపే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆ మందును రెండు నెలలకు సరిపడా నిల్వ చేయాలి.