సవరణ: పాత టీవీకి ఏ వైఫై డాంగిల్ అయినా సరిపోదు

యూఎస్‌బీ పోర్టు ఉంటే చాలు, టీవీకైనా బ్లూరే ప్లేయర్‌కైనా ఏ వైఫై డాంగిల్ పెట్టినా నెట్ వస్తుందని ముందు పోస్టులో ఉంది. ఆ మాట నమ్మి డబ్బులు పెట్టకండి. కంప్యూటర్‌లోలా టీవీలో మనం డ్రైవర్ (డాంగిల్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించలేం. కంపెనీ ఫర్మ్‌వేర్‌లో (టీవీ లోపలి సాఫ్ట్‌వేర్‌లో) ముందే పెట్టిన అడాప్టర్‌నే, అంటే డాంగిల్‌నే, అది గుర్తుపడుతుంది. సోనీ పాత మోడళ్ళు చాలావాటికి యూడబ్ల్యూఏ-బీఆర్100 అనే అడాప్టరే కావాలి. వేరేది పెడితే దాని లైటు వెలగొచ్చు, మెనూలో మాత్రం వైఫై కనపడదు.

టీవీ వెనక లాన్ పోర్టు (నెట్ కేబుల్ గుచ్చేది) ఉందేమో చూడండి. ఉంటే క్లయింట్ మోడ్ (ఇంటి వైఫైని అందుకుని లాన్ కేబుల్‌లోకి ఇచ్చే పద్ధతి) ఉన్న చిన్న రౌటర్ కొని, ముందు ఫోన్‌తో దాన్ని ఇంటి వైఫైకి కలపండి. తర్వాత దాన్నుంచి లాన్ కేబుల్ టీవీకి గుచ్చి, సెట్టింగ్స్‌లో వైర్డ్, ఐపీ ఆటో అని పెట్టండి. ఈ చిన్న రౌటర్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వొద్దు. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. 1 ఆంపియర్ అడిగే రౌటర్ సినిమా మధ్యలో ఆగి ఆగి మళ్ళీ మొదలవుతుంది. 5 వోల్టుల ఫోన్ ఛార్జర్ వాడండి.

తిరుపతిలో కొర్లగుంట, భవానీనగర్ లాంటిచోట కింద ఇంటి వైఫై రౌటర్, మేడ మీద టీవీ ఉన్న ఇళ్ళలో వైఫై బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. స్లాబు దాటడంలో 5 గిగాహెర్ట్జ్ కంటే అదే మేలు.

లాన్ పోర్టు లేక, కంపెనీ అడాప్టర్ కూడా కుదరని టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే, దానికి గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్ ఒక దారి.